కాలువ గట్టున కనికరం



1878 జూలై 3 అనగానే మన బాప్టిస్టు ఇళ్లలో చిన్నపిల్లలు కూడా చెబుతారు, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని. దానికి ముందు రెండేళ్లు ఏం జరిగిందో మాత్రం మేమెవరం యవ్వన బిడ్డలకు సరిగ్గా చెప్పలేదు. పోయిన క్రిస్మస్‌కు ఆ లోటు బయటపడింది.

మా యూత్ పిల్లలు చందాలు వేసుకుని, ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లకు దుప్పట్లు పంచారు. మంచి పనే. అయితే దుప్పటికో ఫొటో. ఒక అవ్వ కొంగు ముఖం మీదికి లాక్కుంది. "అవ్వా, ఇటు చూడు" అని మావాడొకడు రెండుసార్లు అన్నాడు. పక్కనే ఉన్న మేమూ ఏమీ అనలేదు. రాత్రి పడుకున్నాక ఆ కొంగే కళ్లముందు నిలిచింది.

అందుకే జనవరి యూత్ మీటింగ్‌లో ధాత కరువు సంగతి ఎత్తుకున్నాం. 1876లో వానలు లేవు. 1878 దాకా మద్రాసు రాజధానిలో లక్షల ప్రాణాలు పోయాయి. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఈ దేశం రాకముందు అమెరికాలో సర్వే పని చేసినవారు. ఆ విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. బకింగ్‌హాం కాలువలో దాదాపు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి, చేసిన పనికి కూలి ఇచ్చారు. అడుక్కుని తినే అవసరం లేకుండా చేశారు. పని చూసుకోవడానికి పెట్టింది మన తెలుగు బోధకులనే. వాళ్లలో చాలామంది మాదిగపల్లెల బిడ్డలు, ఆకలి ఎరిగినవాళ్లు. కూలీలు అలసి కూర్చుంటే పక్కనే కూర్చుని కష్టం అడిగేవారు, ప్రయాసపడేవారిని పిలిచే ప్రభువు సంగతి చెప్పేవారు. ఆ పాకల్లోకి కలరా కూడా వచ్చింది.

ఇక్కడ ఆపి పిల్లల్ని అడిగాం: జనం బాప్తిస్మం కావాలంటే దొరగారు ఏం చేసుంటారు?

"వెంటనే ఇచ్చుంటారు" అన్నారు.

ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కూటికోసం మతంలో కలిశారన్న మాట వాళ్లమీద పడకూడదు. అన్నం పెట్టిన చేతికి బాకీ తీర్చడానికి ఎవరూ నీళ్లలో దిగకూడదు. ఆత్మల లెక్క చెప్పుకోవాల్సిన మిషనరీకి అది తేలిక కాదని మా అభిప్రాయం. సహాయధనం అయిపోయింది, ఇక ఇవ్వడానికేమీ లేదన్నా జనం వెళ్లిపోలేదు. 2,222 ఆ తర్వాతి లెక్క.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక ఆడపిల్ల మెల్లగా అడిగింది: "అయితే మన ఫొటోలు కూడా బాకీ వసూలేనా అయ్యగారూ?"

మేం నోరు తెరిచేలోపే వాళ్లలో వాళ్లకు వాదన మొదలైంది. ఫొటో చూసి ఇంకొకరు ఇస్తారు కదా అన్నాడొకడు. అందులోనూ కొంత నిజముంది, కొట్టిపారేయలేం.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురు ఆ అవ్వ ఇంటికి వెళ్లారు. ఫోన్లు మా ఇంట్లో పెట్టి వెళ్లారు. రెండు బిందెల నీళ్లు పట్టి, అరుగుమీద ఊరికే కూర్చున్నారట. అవ్వ చాలాసేపు చూసి, ఫొటో తీసినవాడినే అడిగిందట: "నువ్వు ఎవరి పిల్లోడివిరా?"