పైకెక్కిన కామా

చిత్తూరు జిల్లాలో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నప్పటి మాట. సెప్టెంబరు ఐదో తేదీన నల్లబల్ల మీద రంగుసుద్దలతో ఆంగ్లంలో 'టీచర్స్ డే' అని రాసే పని నాకు అప్పగించారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందన్నదే అందుకు కారణం, ఆంగ్లంలో పాండిత్యం కాదు. రాశాను, చుట్టూ తీగలూ పూలూ గీశాను. ఆంగ్లం చెప్పే అయ్యవారు లోపలికి వచ్చి బల్లను ఒకసారి చూసి, టీచర్ అన్న మాటకూ ఎస్ అక్షరానికీ నడుమ నేను పెట్టిన అపాస్ట్రఫీని చూపుడువేలితో తుడిచేశారు. దాన్ని ఎస్ దాటించి అవతల పెట్టారు.

"ఒక్క అయ్యవారికేనారా పండగ? మాకందరికీ కాదా?" అన్నారు నవ్వుతూ.

ఏకవచనానికి షష్ఠి వస్తే ఎస్‌కు ముందు, బహువచనానికి వస్తే ఎస్‌కు తర్వాత అన్న సూత్రం నాకు ఆ రోజే వంటబట్టింది. అయితే ఆయన చేసిన ఆ చిన్న దిద్దుబాటు వెనుక మా సీమకు చెందిన ఒక చరిత్ర ఉందని తెలియడానికి మరో పాతికేళ్ళు పట్టింది.

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టారు. అప్పటికి అది ఉత్తర ఆర్కాటు జిల్లా. ప్రాథమిక విద్య అక్కడ పూర్తయ్యాక 1896లో తిరుపతికి వచ్చి, జర్మనీ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు నడిపే హెర్మన్స్‌బర్గ్ బడిలో చేరారు. కొండమీది గోవిందనామాలు వింటూ కొండకింద మిషన్ బడిలో బైబిలు చదివిన పిల్లవాడు తర్వాతి కాలంలో రెండు ప్రపంచాల తత్త్వాలకూ వ్యాఖ్యాత అయ్యాడంటే ఆశ్చర్యమేముంది? 1962 మే నెలలో ఆయన రాష్ట్రపతి అయ్యారు. శిష్యులూ మిత్రులూ ఆయన పుట్టినరోజును ఉత్సవంగా చేస్తామని అడిగితే, నా ఒక్కడి పేరున వద్దు, ఆ రోజును ఉపాధ్యాయులందరి రోజుగా పాటిస్తే సంతోషిస్తాను అన్నారట. ఆ ఏడు నుంచి ఆ ఆచారం సాగుతోంది.

ఇప్పుడు ఆలోచించండి. ఆయన అడిగిందల్లా వ్యాకరణభాషలో చెప్పాలంటే అపాస్ట్రఫీని ఒక అక్షరం కుడివైపుకు జరపమనే. ఎస్‌కు ముందు ఉంటే అది ఒక గురువు పుట్టినరోజు. ఎస్ దాటితే ఊరూరి బడిపంతుళ్ళ రోజు. మా అయ్యవారు సుద్దముక్కతో చేసింది, 1962లో రాష్ట్రపతి చేసింది ఒకే పని!

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే కథ అమెరికాలో ఉంది. మదర్స్ డేకు ఆద్యురాలైన అన్నా జార్విస్ అపాస్ట్రఫీ ఎస్‌కు ముందే ఉండాలని పట్టుబట్టింది. లోకంలోని తల్లులందరి రోజు కాదు, ఎవరి తల్లిని వారు తలచుకునే రోజు అని ఆవిడ వాదం. 1914లో అధ్యక్షుడు విల్సన్ చేసిన ప్రకటన తర్వాత అది జాతీయదినమైంది. యునెస్కో 1994 నుంచి అక్టోబరు 5న జరిపే ప్రపంచ ఉపాధ్యాయ దినానికి మాత్రం అపాస్ట్రఫీ మన రాధాకృష్ణన్ పక్షమే, ఎస్ తర్వాతే.

తమాషా ఏమంటే ఈ తేడా అంతా కంటికే గాని చెవికి లేదు. ఎక్కడ పెట్టినా పలికేది 'టీచర్స్' అనే. ఆంగ్లంలో ఒకప్పుడు విభక్తి ప్రత్యయాలు వేరువేరుగా వినిపించేవి. కాలక్రమాన అవి అరిగిపోయి ఏకవచన షష్ఠికీ, బహువచనానికీ, బహువచన షష్ఠికీ అన్నిటికీ ఒక్క 'స్' ధ్వనే మిగిలింది. అపాస్ట్రఫీ పదహారో శతాబ్దంలో ఫ్రెంచి అచ్చుపద్ధతి నుంచి దిగుమతి అయినప్పుడు దాని పని లోపించిన అక్షరాన్ని సూచించడం మాత్రమే. ఏకవచన షష్ఠికి గుర్తుగా అది పదిహేడో శతాబ్దంలో బాగా వాడుకకెక్కింది. బహువచనంలో ఎస్ తర్వాత పెట్టడం పద్దెనిమిదో శతాబ్దం చివరికి గాని కుదురుకోలేదు. మనవాళ్ళు దొరల బళ్ళలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న సూత్రం, దొరలకు కూడా అంత పాతదేమీ కాదన్నమాట. ఇప్పటికీ లండన్‌లో పక్కపక్కనే ఉన్న రైలుస్టేషన్లలో ఎర్ల్స్ కోర్టుకు అపాస్ట్రఫీ ఉంది, బారన్స్ కోర్టుకు లేదు.

తెలుగుకు ఈ బాధ లేదు. గురువులు అన్న మాటలో చివరి ఉకారాన్ని అకారం చేస్తే చాలు, గురువుల. ఊళ్ళు, ఊళ్ళ. బాలురు, బాలుర. చెవికి కూడా స్పష్టంగా అందుతుంది. (ఆంగ్లం నుంచి అనువదించేటప్పుడు 'యొక్క' తగిలించే అలవాటు మనకు బడిలోనే అంటుకుంది. 'బాలుర యొక్క వసతిగృహము' అని ఏ తల్లీ అనదు.) అయినా మనకూ ఒక తికమక ఉంది, అది గౌరవం తెచ్చిపెట్టింది. అన్నమాచార్యుల కీర్తనలు అంటాం. రూపం బహువచనం, మనిషి ఒక్కడే. తిరుపతిలో రోజుకు వెయ్యిసార్లు వినబడే 'శ్రీవారి' అన్న మాట చూడండి. శ్రీవారి ఆలయం, శ్రీవారి మెట్టు, శ్రీవారి ప్రసాదం. వ్యాకరణం ప్రకారం అది బహువచన షష్ఠి, కొండమీద ఉన్నది ఒకే ఒక్క దేవుడు. మా సీమలో తోబుట్టువులు లేని ఒంటికొడుకు కూడా 'మా నాయన' అనే అంటాడు గాని 'నా నాయన' అనడు.

సమాసంలోకి వెళితే వచనమే మాయమవుతుంది. 'ఉపాధ్యాయ దినోత్సవం', 'గురుపూజోత్సవం' అన్నప్పుడు గురువు ఒకరా, పదిమందా? విగ్రహవాక్యం చెప్పుకునేవాడి ఇష్టం. రాధాకృష్ణన్ కోరిన బహువచనం తెలుగు పేరులో మచ్చుకైనా లేదు. నవంబరు 14కు మాత్రం 'బాలల దినోత్సవం' అని నిండు బహువచన షష్ఠి వాడుతున్నాం. ఎందుకీ భేదం? 'బాల' అన్న మాట సమాసంలో ముందుంటే బాలసూర్యుడిలా లేత అన్న అర్థం ముందు తోస్తుంది కాబట్టి అని నా ఊహ. చిన్నయసూరి 'బాలవ్యాకరణం'కు ఆ ప్రమాదం ఎలా తప్పిందో మరి!

ఇక 'ఎవరి' అన్న ప్రశ్నకు మా జిల్లాలో ఇంకో అర్థం కూడా ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి ఇందులో చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. మా.పొ.శివజ్ఞానం వంటి తమిళ నాయకులు అది తమదని ఉద్యమించారు. సరిహద్దుల చట్టం 1959లో వచ్చి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళిపోయింది. ఆయన రాష్ట్రపతి అయ్యేనాటికి ఆయన పుట్టిన ఊరు మా జిల్లాలో లేదు. ఆయన తమిళులవాడా, తెలుగువారివాడా అన్న వాదన ఇప్పటికీ రెండువైపులా వింటూంటాను. తన పుట్టినరోజునే పంచిపెట్టేసిన మనిషి గురించి ఈ వాదన నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

మా అయ్యవారు పోయి చాలా ఏళ్ళయింది. ఈమధ్య పూర్వవిద్యార్థులం కలిసి సెప్టెంబరు ఐదున పాత ఉపాధ్యాయులను సత్కరించాలనుకున్నాం. ఫ్లెక్సీ వేయించే పని మళ్ళీ నాకే వచ్చింది. తిరుపతిలో ఒక దుకాణంలో కుర్రవాడు కంప్యూటరులో చూపించిన నమూనాలో అపాస్ట్రఫీ నేను చిన్నప్పుడు పెట్టినచోటే ఉంది. దాన్ని జరపాలన్నాను. అతను నావైపు వింతగా చూసి, మౌసు మీద చెయ్యి వేసి అడిగాడు.

"దానికేం డబ్బుల్లేవు సార్. ఎక్కడ పెట్టాల్నో చెప్పండి, పెడతా."