క్యాజువాల్టీ సిస్టర్లు: ఉండిపోయినవాళ్ళు, వెళ్ళిపోయినవాళ్ళు



పోయిన వానాకాలంలో ఒక రాత్రి మన సంఘం పెద్దాయన ఒకరికి ఛాతీనొప్పి వస్తే పద్నాలుగు మందిమి వెంట వెళ్ళాం. ఇద్దరు చాలని ఎవరికీ తట్టలేదు. క్యాజువాల్టీలో ఉన్న సిస్టర్ "ఒక్కరే ఉండండి" అని మరాఠీలో రెండుసార్లు చెప్పింది. మనలో ఒకరు ఆమె మీద గొంతు పెంచారు. "మేం ముందొచ్చాం, వాళ్ళనెందుకు ముందు చూస్తున్నారు" అని ఇంకొకరు. ఆమె జవాబివ్వకుండా ఈసీజీ తీస్తూనే ఉంది. పెద్దాయన బతికారు. నెల తిరిగాక మిఠాయి తీసుకెళితే ఆ సిస్టర్ ఉద్యోగం మానేసిందన్నారు. మా వల్లేనని చెప్పలేం. మా వల్ల కాదని కూడా చెప్పలేకపోతున్నాం.

పరేల్, వర్లీ మిల్లుల్లో పనిచేసిన మన పెద్దలకు ఆసుపత్రి అంటే కేఈఎం. 1926లో మిల్లుల నడుమే తెరిచారు. అక్కడ డాక్టర్లూ ప్రొఫెసర్లూ భారతీయులే ఉండాలన్నది విరాళమిచ్చినవాళ్ళ షరతు. అంత పట్టింపు నర్సుల గురించి ఎవరికి ఉందో 1973లో తెలిసింది.

ఆ నవంబరు 27న అరుణా షాన్‌బాగ్ అనే నర్సు డ్యూటీ దిగి, బట్టలు మార్చుకోవడానికి ఆసుపత్రి నేలమాళిగకు వెళ్ళింది. అక్కడే ఒక వార్డుబాయ్ దాడి చేశాడు. ఆమెది క్యాజువాల్టీ కాదు. అయినా ఈ కథ లేకుండా ముంబై నర్సుల గురించి మాట్లాడలేం. బట్టలు మార్చుకోవడానికి భద్రమైన గది, అంత చిన్న విషయం! నగరంలో నర్సులు సమ్మెకు దిగారు. అడిగింది రక్షణ.

సమ్మె ముగిసింది, అరుణ మాత్రం లేవలేదు. మంచంలోనే 42 ఏళ్ళు. 1980లలో ఆమెను అక్కడి నుంచి తరలించాలని కార్పొరేషన్ చూస్తే నర్సులే అడ్డుపడ్డారు. అన్నేళ్ళు మంచాన ఉన్నా ఒంటిమీద ఒక్క పుండు లేదు. మంచాన పడ్డ తల్లిదండ్రులకు సేవ చేసినవాళ్ళకు ఆ మాట బరువు తెలుస్తుంది. 2011 మార్చి 7న సుప్రీంకోర్టు ఆమె తరఫున నిర్ణయించే హక్కు కేఈఎం సిబ్బందిదేనంది. 2015 మే 18న ఆమె పోయేనాటికి, ఆమె ఆరోగ్యంగా ఉన్నప్పుడు పుట్టని పిల్లలు కూడా నర్సులై ఆ డ్యూటీ చేశారు.

వాళ్ళు ఎందుకు ఉన్నారంటే మాకు తోచేది ఒకటే: పక్కన నిలబడే మరో సిస్టర్ ఉంది కాబట్టి. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టోన్ స్టేషన్ వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది పోయారు. గాయపడ్డవాళ్ళను మోసుకొచ్చింది ఆ కేఈఎంకే. అలాంటి పూట ఒంటరిగా ఎవరు నిలబడగలరు?

వెళ్ళిపోవడానికి మాత్రం కారణాలు చాలా. జీతం ఒకటి. సుప్రీంకోర్టు చెప్పాక 2016లో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రిలోనూ నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదంది. అంత మాత్రం ఇవ్వమని చెప్పడానికి కమిటీ కావలసి వచ్చింది. ఇక గల్ఫ్ పిలిస్తే ఎవరాగుతారు?

క్యాజువాల్టీకి ఇంకో బాధ ఉంది. వార్డు సిస్టర్ రోగి కోలుకుని ఇంటికి పోవడం చూస్తుంది. క్యాజువాల్టీ సిస్టర్ అతన్ని పైకి పంపేస్తుంది, తర్వాత ఏమైందో తెలియదు. అక్కడ ముందొచ్చినవాళ్ళను కాదు, ప్రాణం ముందు పోయేలా ఉన్నవాళ్ళను చూస్తారు. ఇది తెలియని బంధువుల తిట్లు, ఒక్కోసారి దెబ్బలు ఆమెకు మిగులుతాయి. దాడి చేస్తే మూడేళ్ళ దాకా జైలని మహారాష్ట్రలో 2010లోనే చట్టం వచ్చింది. అరుపులకు ఏ చట్టం ఆపుతుంది?

వచ్చే ఆదివారం సమావేశంలో ఈ విషయం పెడుతున్నాం. ఆసుపత్రికి ఇద్దరే వెళ్ళాలి, వారిలో ఒకరికి మరాఠీ రావాలి, మిగిలినవాళ్ళు గేటు బయటే. రోగి కోలుకున్నాక ఆ కబురు క్యాజువాల్టీకి చేర్చే పని కూడా ఒకరికి అప్పగించాలి, నెల తర్వాత కాదు, ఆ వారంలోనే. ఆ రాత్రి గొంతు పెంచినాయన కూడా వస్తానన్నారు.