ఇంట చూచిన పాత చిత్రములు



మొన్న నొక సాయంకాలమున మా యింట టెలివిజను తెరపై ‘రైతుబిడ్డ’ చిత్రమును చూచుచుంటిని. ఇది 1939వ సంవత్సరపు చిత్రము. బొమ్మ మసకగా నున్నది. మాటలు అక్కడక్కడ గరగరలో కలిసిపోవుచున్నవి. నా మనుమడు కొంతసేపు నిలిచి చూచి, “తాతయ్యా, వీళ్ళింత నెమ్మదిగా మాట్లాడతారేమి? ఈ పాతబొమ్మ చూస్తే మనకేమొస్తుంది?” అని నవ్వి పోయెను. పిల్లవాని ప్రశ్న త్రోసివేయదగినది కాదు. దానికి నాకు తోచిన సమాధానమునే నేడు మీకు విన్నవించుచున్నాను.

మొట్టమొదట, మనకు మిగిలిన దెంత స్వల్పమో గ్రహింపవలెను. తెలుగున తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’. హెచ్.ఎం. రెడ్డిగారు దానికి దర్శకులు. సురభి నాటకములవారు అందు వేషములు ధరించిరి. సురభి కమలాబాయిగారు లీలావతి. ఈ చిత్రము 1931 సెప్టెంబరు 15వ తేదీన విడుదలయైనదని చిరకాలము అందరును చెప్పుకొనిరి. పిమ్మట పరిశోధకులు సెన్సారు వివరములను, నాటి పత్రికలలోని ప్రకటనలను వెదకి, అది 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలో విడుదలయైనదని తేల్చిరి. తేదీ చిక్కినది గాని చిత్రము చిక్కలేదు. దాని ప్రతి యొక్కటియు నేడు లభించుట లేదు.

ఇందుకు కారణము కలదు. ఆనాటి ఫిలిము నైట్రేటుతో చేయబడినది. నిప్పురవ్వ తగిలిన భగ్గున మండును. మండకున్నను కాలక్రమమున జిగురై, పొడియై నశించును. అందలి వెండికై కరగింపబడినవియు కలవు. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో ఏర్పడునాటికే పెక్కు చిత్రములు పోయినవి. అచ్చట భద్రపరచిన నైట్రేటు ప్రతులును 2003లో అగ్నిప్రమాదమున చాల కాలిపోయెను. కావున నేడు మన యింటి తెరపై కనబడు ప్రతి పాతచిత్రమును ఇన్ని గండములు గడచి వచ్చినదే.

అట్లు దక్కినవానిలో ‘మాలపిల్ల’ యొకటి. గూడవల్లి రామబ్రహ్మంగారు దీనిని 1938లో వెలువరించిరి. కథ చలంగారిది; ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ నవల వేరు, ఈ కథ వేరు. మాటలు వ్రాసినవారిలో చలంగారును, తాపీ ధర్మారావుగారును కలరు. తిరువాంకూరు సంస్థానమున హరిజనులకు దేవాలయ ప్రవేశము ప్రకటింపబడినది 1936లో. మద్రాసు రాజధాని యంతటికిని వర్తించు సమగ్రమైన చట్టము వచ్చినది 1947లో. ఈ రెంటి నడుమ ఈ చిత్రము గుడి తలుపు తట్టినది.

నా యభిప్రాయమున ఇందలి ప్రేమకథ కొంత సాగదీయబడినది. చిత్రమునకు ప్రాణము సుందరరామశాస్త్రి పాత్ర. గోవిందరాజుల సుబ్బారావుగారు ఆ ఛాందసుని పరిహాసపాత్రుని చేయక, తాను నమ్మినది ధర్మమే యని తలచు మనుష్యునిగా నిలిపిరి. అట్టి వానితోడనే గదా వాదము కష్టము! కాని చివరకు ఒక యగ్నిప్రమాదము వలన ఆయన మనసు మారుట నాకు నచ్చలేదు. ఒకరి మనసు మారినంతమాత్రమున ఊరు మారదు. చట్టము వచ్చిన పిదపను గుడివాకిలి కడనే నిలిచిపోయినవారు కలరని మనలో పెద్దలెరుగుదురు. కావున చిత్రమున చూపినదెల్ల జరిగిన చరిత్ర యని పిల్లలకు చెప్పరాదు. నాటివారు ఏమి కోరిరో, దేనికి జంకిరో అది చెప్పును.

‘రైతుబిడ్డ’ సంగతి ఇంకను విచిత్రము. జమీందారీ పీడనమును చూపిన ఈ చిత్రమును నిర్మించిన సారథి సంస్థకు అండ చల్లపల్లి జమీందారుగారే! ఇతర జమీందారులు కొందరు ఆగ్రహించిరి. కొన్ని ప్రాంతములలో దీని ప్రదర్శన నిషేధింపబడెను. మద్రాసు రాజధానిలో ఎస్టేట్ల రద్దు చట్టము 1948లో గాని రాలేదు. కథానాయకుడగు నర్సిరెడ్డి షావుకారు వద్ద అప్పుపడిన చిన్నరైతు. ఎన్నికలలో రైతుల పక్షమునకు ఓటు వేసి కష్టముల పాలగును. ఆ వేషము ధరించినవారు బళ్ళారి రాఘవగారు. వారు 1946లో గతించిరి. రంగస్థలమున వారి నటన చూచినవారు నేడు లేరనియే చెప్పవచ్చును. ఆ మహానటుడు నడచుట, మాటాడుట మనము చూడగలిగినది ఇట్టి కొలది చిత్రములలోనే. నెమ్మదిగా మాటాడుట లోపము కాదు. కడపటి వరుసవానికి వినబడునట్లు పలుకు నాటకశాల యభ్యాసమది.

డేరాలో నేలపై కూర్చుండి వందలమందితో కలిసి నవ్వి యేడ్చిన యనుభవము ఇంట చూచునపుడు కలుగదు, ఇది నిజము. అయినను ఇంట ఒక సౌకర్యము కలదు: బొమ్మను నిలిపి మాటాడుకొనవచ్చును.

మరునాడు నేనట్లే చేసితిని. మనుమని పిలిచి, అప్పు ఘట్టము కడ బొమ్మను నిలిపి, మా తాతగారు నోటు వ్రాసియిచ్చి, వడ్డీ పెరిగి, చెరువుక్రింది రెండెకరములు పోగొట్టుకొన్న కథ చెప్పితిని. పిల్లవాడీసారి నవ్వలేదు. “ఆ చేను ఇప్పుడెక్కడుంది తాతయ్యా?” అని యడిగెను. తెల్లవారిన పిమ్మట తీసికొనిపోయి గట్టుపై నిలువబెట్టి చూపితిని. వాని తండ్రికి నేనెన్నడును చూపియుండలేదు.

పెద్దలారా, పాతచిత్రము వచ్చినపుడు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. శిస్తు, నోటు, జమీ యను మాటలకు వారికర్థము చెప్పగలవారు మీరే. మీ పెట్టెలలో నాటి పాటల పుస్తకములు, కరపత్రములు ఉన్నచో చిత్తుకాగితముల క్రింద అమ్మవేయకుడు. తొలి టాకీ తేదీని సరిదిద్దినవి అట్టి కాగితములే. చిత్రము పోయినను కాగితము సాక్ష్యము పలికినది. కాగితమును పోయిన చోట మీ మాటయే సాక్ష్యము. దానిని మీతో తీసికొనిపోవక, పిల్లలకు అప్పగింపుడని నా మనవి.

సెలవు.