పోపుల డబ్బా సూత్రం

గాదె నిండితే పండగ. కుండ నిండితే పండగ. ఒడి నిండితే ఇక చెప్పనే అక్కర్లేదు. నిండడమంటే శుభమని నేర్చుకుని పెరిగినదాన్ని నేను. అలాంటిది, ఆమధ్య ఒక అర్ధరాత్రి మా అమ్మాయి గదిలో లైటు వెలుగుతోంటే తలుపు తోసి చూద్దును కదా, పిల్ల ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని బిక్కమొహం వేసుక్కూచుంది.

"ఏమిటే, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందమ్మా. ఆఫీసు సర్వర్లో డిస్కు నిండిపోయింది."

"నిండితే మంచిదేగా!"

అంత కంగారులోనూ ఫక్కున నవ్వింది. సర్వరంటే పదిమందికీ వడ్డించే కంప్యూటరుట. దాని డిస్కు నిండితే కొత్తగా ఒక్క అక్షరం రాసుకోలేదు. రాసుకోలేకపోతే పని మానేసి కూర్చుంటుంది. వంటింటి గట్టు మీద అంగుళం ఖాళీ లేకపోతే మనం మాత్రం కూరలెక్కడ తరుగుతాం? ఈ సంగతి నాకు చప్పున బోధపడింది. కాఫీ కలిపి తెచ్చి పక్కనే కూర్చున్నాను. ఆ రాత్రి విన్నవీ, తర్వాత కుతూహలం కొద్దీ చదివి తెలుసుకున్నవీ కలిపి మీకు చెప్పాలనిపించింది.

డిస్కు అనేది మొట్టమొదట 1956లో ఐబీఎం కంపెనీ అమ్మకానికి పెట్టింది. రెండేసి అడుగుల వెడల్పున్న పళ్లేలు యాభై, ఒకదాని మీద ఒకటి పేర్చిన యంత్రం. బరువు సుమారు టన్ను. ఇంతా చేసి అందులో పట్టేవి యాభై లక్షల అక్షరాలు. ఇవాళ మన సెల్‌ఫోనులో తీసిన ఫొటో ఒకటి పడితే గొప్ప! అంత ఇరుకింట్లో కాపురం చేసినవాళ్లకి పొదుపు తెలియకుండా ఎలా ఉంటుంది?

ఆ పొదుపులోంచే ఒక మంచి అలవాటు పుట్టింది. అమెరికాలో న్యూజెర్సీలోని బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనే ఇద్దరు యూనిక్స్ అనే వ్యవస్థని తయారుచేశారు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం 1971 నవంబరులో వచ్చింది. అందులో రెండు చిన్న ఆజ్ఞలున్నాయి. ఒకటి 'డీఎఫ్': డిస్కులో ఎంత ఖాళీ మిగిలిందో చెబుతుంది. రెండోది 'డీయూ': ఏ గదిలో ఏ సామాను ఎంత చోటు ఆక్రమించిందో చెబుతుంది. మా అమ్మాయి ఆ రాత్రి మొదట కొట్టినవి ఈ రెండే. అర్ధశతాబ్దం దాటినా పేర్లు కూడా మారలేదుట! పారెయ్యడానికి ముందు చూసుకోవడమన్నమాట. మనం అటక సర్దాలంటే ముందు నిచ్చెన వేసుకుని ఎక్కి చూడమూ?

అలా ఒక్కొక్క గదే వెతుక్కుంటూ పోతే దొంగ దొరికాడు. సర్వరు ప్రతి నిమిషమూ తానేం చేసిందో ఒక చిట్టా రాసుకుంటుంది. మనం పాలవాడి లెక్క కాలెండరు మీద గీతలు పెట్టుకున్నట్టు. ఏదో పొరపాటు జరిగి, అదే ఫిర్యాదు లక్షలసార్లు రాసుకుందిట ఆ వెర్రిది. చిట్టా కొండలా పెరిగిపోయింది. దాంతో ఇక పనిలేదని రూఢి చేసుకుని అమ్మాయి చెరిపేసింది. చెరిపేసి మళ్లీ 'డీఎఫ్' కొడితే ఏముంది, ఎప్పటిలాగే నిండుగానే ఉంది!

"ఇదేం చోద్యమే?" అన్నాను.

"ఆ చిట్టాని ఇంకా ఒక ప్రోగ్రాము తెరిచి పట్టుకుని ఉందమ్మా. అది వదిలేదాకా చోటు మన చేతికి రాదు."

ఇల్లు అలకగానే పండగైపోతుందా మరి! అద్దెకున్నవాడి పేరు పుస్తకంలో కొట్టేస్తే సరా, వాడు సామాను సర్దుకుని కదలద్దూ? ఆ ప్రోగ్రాముని ఆపి మళ్లీ మొదలుపెట్టాక గాని ఖాళీ కనబడలేదు.

అప్పుడు నాకో సందేహం వచ్చింది. "అంత కిక్కిరిసిపోయి ఉంటే నీకు మాత్రం పని చేసుకోవడానికి చోటెలా దొరికిందే?"

అది చెప్పిన జవాబు విని నా ఆనందం చూడాలి. కాలిఫోర్నియాలో బెర్క్‌లీ విశ్వవిద్యాలయంవాళ్లు 1980ల మొదట్లో యూనిక్స్‌కి కొత్త అమరిక ఒకటి తయారుచేశారు. డిస్కు మరీ నిండుకొస్తే సామాను ఎక్కడ చోటుంటే అక్కడ కుక్కాల్సి వచ్చి పని నెమ్మదిస్తుందని వాళ్లు గమనించారు. అందుకని పదో వంతు ఎప్పుడూ మిగిల్చి ఉంచారు. మామూలువాళ్లకి నిండిపోయిందనే చెబుతుంది. ఆ మిగిల్చింది వాడుకునే అధికారం వ్యవస్థని చూసుకునే పెద్దదిక్కుకి మాత్రమే. తర్వాత వచ్చిన లైనక్స్‌లో కూడా చాలాచోట్ల నూటికి అయిదు వంతులు ఇలాగే దాచి ఉంచుతారు.

ఇంతకీ ఇది మన పోపుల డబ్బా కాదుటండీ? నెలాఖరున ఇంట్లో పైసా లేదని అందరితోనూ అంటాం. పిల్లాడికి జ్వరమొస్తే మెంతుల కిందనుంచి నోటు బయటికి వస్తుంది. ఆ డబ్బా మూత ఎవరు పడితే వాళ్లు తీయరు.

ఈ నిండుకోవడం అనే పీడ భూమిని దాటి అంగారకుడిదాకా కూడా వెళ్లింది. 2004 జనవరిలో 'స్పిరిట్' అనే బండి అక్కడ దిగింది. దిగి మూడు వారాలు కాకుండానే మాటాపలుకూ తడబడింది. నిద్రపోదు, ఆగుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. బాటరీ అయిపోతోంది. కాలిఫోర్నియాలో కూర్చున్న శాస్త్రజ్ఞులకి చివరికి తేలిందేమిటంటే, దాని జ్ఞాపకంలో ఫైళ్లు మరీ ఎక్కువైపోయాయి. ఏడు నెలల ప్రయాణంలో పోగైనవి కూడా అందులో ఉన్నాయి. లేచినప్పుడల్లా వాటి జాబితా తయారుచేసుకోవడానికే దాని శక్తి చాలడం లేదు. "ఆ సామాను జోలికి పోకుండా లేవమ్మా" అని ఆజ్ఞ పంపి లేపారు. తర్వాత అక్కర్లేనివి తీసేసి బాగుచేశారు. మూడు నెలలు పనిచేస్తే చాలనుకున్న ఆ బండి 2010 మార్చిదాకా కబుర్లు పంపింది.

సరే, తీసెయ్యడం తేలికే. తీసెయ్యకూడనిది పోతే? 1998లో పిక్సార్ అనే బొమ్మల సినిమా సంస్థలో అదే జరిగింది. 'టాయ్ స్టోరీ 2' తయారవుతుండగా ఎవరో పొరపాటున చెరిపేసే ఆజ్ఞ ఇచ్చారు. చూస్తుండగానే బొమ్మలు ఒక్కొక్కటే మాయమైపోయాయి. నూటికి తొంభై వంతులు పోయింది. దాచిపెట్టిన నకళ్లున్నాయిగా అని చూస్తే, అవి కొన్నాళ్లుగా సరిగా పడటమే లేదు! అప్పుడు గేలిన్ సుస్మన్ అనే ఆవిడకి గుర్తొచ్చింది. ఆవిడ బాలింత. చంటిపిల్లాడితో ఇంటినుంచే పని చేసుకోవడానికి సినిమా నకలొకటి ఇంటికి తెచ్చుకుంది. ఆ కంప్యూటరుని దుప్పట్లలో చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు కార్లో తెచ్చారుట. కథ తర్వాత చాలావరకు మార్చి తీశారు, అది వేరే సంగతి. ఆ రోజున వాళ్ల గుండెలు నిలబెట్టింది ఒక తల్లి ఇంట్లో ఉన్న ఆ రెండో ప్రతి.

ఇది విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాత ఇల్లు మారేటప్పుడు అటక మీద ట్రంకు పెట్టె ఒకటి దించి, పైపైన చూసి, పాత కాగితాలవాడికి తూకానికి ఇచ్చేశాను. నాకు పెళ్లయిన కొత్తలో మా అమ్మ రాసిన కార్డులన్నీ అందులోనే ఉన్నాయని తర్వాత తెలిసింది. వాటికి రెండో ప్రతి ఎవరింట్లోనూ లేదు.

తెల్లవారుజామున అమ్మాయి ఇంకో పెద్ద మూట కనిపెట్టింది. ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన ఎవరిదో. అది తీస్తే ఇంకా బోలెడు చోటు. "తీసెయ్యవేం?" అన్నాను. "ఎవరిదో, ఎందుకుందో కనుక్కోకుండా ముట్టుకోనమ్మా" అని, పైవాళ్లకి ఉత్తరం రాసి కంప్యూటరు మూసేసింది. నా కడుపున పుట్టి ఆ మాత్రం నిదానం ఎక్కడ నేర్చిందో!

కాఫీ గ్లాసులు తీస్తుంటే వెనకనుంచి అడిగింది, "అయితే అమ్మా, నీ పోపుల డబ్బాలో నూటికి ఎంత వంతు ఉంచుతావేమిటి?"

పెద్దదిక్కుకి తప్ప చెప్పకూడదని చెప్పాను.