త్రీడీ ముద్రణలో మిగిలే లోహపు పొడి

లోహపు పొడిని పొరలు పొరలుగా పరిచి, కావలసిన చోట లేజర్‌తో కరిగించి వస్తువును తయారుచేసే పద్ధతి లోహ త్రీడీ ముద్రణలో ప్రధానమైనది. ఇందులో కరగకుండా మిగిలే పొడిని సేకరించి, జల్లించి, పరీక్షించి, మళ్లీ వాడడాన్ని లేదా పారవేయడాన్ని పొడి నిర్వహణ అంటారు. రేణువులు సాధారణంగా 15–45 మైక్రాన్లు, తలవెంట్రుక కంటే సన్నం. యంత్రంలో పరిచిన పొడిలో వస్తువుగా మారేది చాలాసార్లు కొద్ది భాగమే. యంత్రాల గురించి రాసినంతగా ఈ మిగులు గురించి రాయరు. నిజానికి ఖర్చు, నాణ్యత, కార్మికుల భద్రత మూడూ దీనితోనే ముడిపడి ఉన్నాయి.

ముద్రణ ముగిసేసరికి వస్తువు పొడిలో పూడుకుపోయి ఉంటుంది. పైపొడిని కుంచెతో తోసి, మిగతాది పీల్చి తీస్తారు. వంకర కాలువల్లో ఇరుక్కున్న పొడి ఒక పట్టాన రాదు. వస్తువును తిప్పుతూ, అదిలిస్తూ రాల్చాలి. ఈ పని వస్తువును కొలిమిలో పెట్టి వేడిచేయకముందే జరగాలి. వేడికి లోపలి పొడి గట్టిపడితే ఇక దాన్ని తీయడం దాదాపు అసాధ్యం.

తీసిన పొడిలో లేజర్ తాకిడికి చిందిపడిన పెద్ద రేణువులు, అంటుకున్న ముద్దలు ఉంటాయి. వాటిని తరచుగా 63 మైక్రాన్ల జల్లెడతో వేరుచేస్తారు. జల్లెడ దాటినంత మాత్రాన పొడి మంచిదని కాదు. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్టే ఇదీ చెమ్మ పట్టి సరిగా జారదు, పొర సమంగా పరుచుకోదు. అందుకే 50 గ్రాముల పొడి 2.54 మిల్లీమీటర్ల రంధ్రమున్న గరాటులోంచి ఎన్ని సెకన్లలో జారుతుందో చూస్తారు.

కంటికి కనబడని మార్పు మరొకటి ఉంది. టైటానియం పొడి వాడిన కొద్దీ ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. టైటానియం–6 అల్యూమినియం–4 వెనేడియం మిశ్రలోహంలో ఐదో గ్రేడుకు ఆక్సిజన్ పరిమితి 0.20 శాతం, శరీరంలో అమర్చే భాగాలకు వాడే 23వ గ్రేడుకు 0.13 శాతం. ఆ గీత దాటిన పొడి చూడటానికి కొత్తదానిలాగే ఉన్నా ఆ గ్రేడుకు పనికిరాదు. కాబట్టి ఏ పొడి ఎన్నిసార్లు వాడారో, ఎంత కొత్తది కలిపారో ప్రతిసారీ రాసిపెట్టుకోవాలి.

టైటానియం, అల్యూమినియం పొడులు గాలిలో లేస్తే చిన్న నిప్పురవ్వ చాలు, పేలతాయి. ముద్రణ గదిలో ఆర్గాన్ నింపి ఆక్సిజన్‌ను సాధారణంగా 0.1 శాతం లోపు ఉంచేది లోహం పాడవకుండానే కాదు, ఇందుకు కూడా. 2013 నవంబరులో అమెరికాలోని వూబర్న్‌లో ఒక త్రీడీ ముద్రణ సంస్థలో పేలుడు, మంటలు సంభవించి ఒక ఉద్యోగి తీవ్రంగా కాలిపోయాడు. మంట పుట్టించే కారణాలను తొలగించలేదనీ, అక్కడ ప్రమాదకర పదార్థాలున్నట్టు అగ్నిమాపక శాఖకు తెలపలేదనీ ప్రభుత్వ భద్రతాధికారులు తప్పుపట్టారు. లోహపు పొడి అంటుకుంటే ఆ మంట మీద నీళ్లు చల్లకూడదు; హైడ్రోజన్ పుట్టి మంట మరింత పెరుగుతుంది. లోహపు మంటల కోసం చేసిన డి తరగతి పొడినే వాడాలి. యంత్రపు వడపోతల్లో చేరే నల్లటి మసి మరీ ప్రమాదకరం. అది గాలి తగలగానే తనంత తాను అంటుకోవచ్చు.

ఇళ్లలో వాడే వాక్యూమ్ క్లీనర్ ఇక్కడ నిషిద్ధం. నేలకు ఎర్తింగ్ చేసిన, పీల్చిన పొడిని ద్రవంలో ముంచి ఉంచే రకమే తగినది. అలా నీటిలో తడిసిన వ్యర్థం కూడా నెమ్మదిగా హైడ్రోజన్‌ను వదులుతుంది కనుక, దాన్ని ఉంచే డబ్బా మూతకు గాలి పోయే దారి ఉండాలి.