తాళపత్రాలకు పరిమళ రక్ష

పూర్వం వ్రాయసకాండ్రు గ్రంథం ముగించి, చివర ఒక విన్నపం చేర్చేవారు. అది గ్రంథమే నోరు విప్పి పలికినట్లుండేది. నూనె నుండి, నీటి నుండి, వదులైన కట్టు నుండి తన్ను కాపాడుమనీ, మూర్ఖుని చేత పెట్టవద్దనీ దాని వేడికోలు. ఇందులో మొదట పేర్కొన్న శత్రువు నూనె. కాని తాళపత్ర భాండాగారాలలో ఆకులను శుభ్రపరచేవారు వాటికి నూనెయే పూస్తారు. ఈ వైరుధ్యంలో మన గ్రంథ చరిత్ర కొంత దాగి ఉన్నది.

నూనెలు రెండు విధాలు. నువ్వుల నూనె, ఆముదం వంటివి ఆవిరై పోవు. అవి ఆకును అంటిపెట్టుకొని దుమ్మును చేర్చుకొంటాయి. వ్రాయసకాడు భయపడినది ఈ జిడ్డుకే. నిమ్మగడ్డి నూనె అటువంటిది కాదు. గడ్డిని నీటి ఆవిరిలో ఉడికించి, ఆ ఆవిరిని చల్లార్చి తీసే పరిమళ తైలమది. పలుచగా పూస్తే ఎండి బిరుసెక్కిన ఆకు కొంత మెత్తబడుతుంది. తైలం మెల్లగా గాలిలో కలిసిపోతుంది.

మేలైన నిమ్మగడ్డి నూనెలో నూటికి సుమారు 70 పాళ్లు సిట్రాల్ అనే పదార్థం. పురుగు ఆహారాన్ని వెదకుకొనేది చాలవరకు వాసనను బట్టియే. సిట్రాల్ ఘాటు దానికి దారి తెలియనీయదు. బూజు కణాలపై ఉండే పలుచని పొరను కూడ అది దెబ్బ తీస్తుంది. లవంగ తైలంలోని యూజినాల్ చేసే పని కూడ ఇటువంటిదే.

తైలం లేనిచోట పెద్దలు మూలికలనే ఆశ్రయించారు. తంజావూరు సరస్వతీ మహలులో వస, లవంగాలు, దాల్చిన చెక్క, మిరియాలు, కర్పూరం వంటివి పొడిచేసి, గుడ్డమూటలుగా కట్టి గ్రంథాల నడుమ ఉంచే ఆచారం ప్రసిద్ధం. నాయక రాజుల కాలాన మొలకెత్తి, మహారాష్ట్ర ప్రభువు రెండవ శరభోజి కాలంలో (1798–1832) విస్తరించిన ఆ భాండాగారంలో తెలుగు కావ్యాలు, యక్షగానాలు నిలిచి ఉన్నాయి. పసిపిల్లలకు మాటలు రావాలని మన ఇండ్లలో నాకించే వసకొమ్మే అక్కడ గ్రంథాల పలుకును కాచినది. వసను పసివాళ్లకు ఇవ్వరాదని నేటి వైద్యులు హెచ్చరిస్తున్నారు. పురుగును తరిమే దాని గుణాన్ని మాత్రం శాస్త్రం ఒప్పుకొన్నది.

అయితే పరిమళమొక్కటే గ్రంథాలను బ్రతికించలేదు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి. పి. బ్రౌను, తర్వాతి సంవత్సరాలలో తెలుగు ప్రతులను సేకరించి, పండితులకు జీతాలిచ్చి, పాఠాలను పోల్చి కాగితాలపై ఎత్తి వ్రాయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. పురుగు తొలిచిన అక్షరాన్ని ఏ తైలమూ తిరిగి తేలేదు. మరొక ప్రతి ఉంటేనే ఆ అక్షరం దొరుకుతుంది. బ్రౌను పూనికలోని విలువ అదే.

పరిమళ తైలానికి గల గుణమే దాని లోపం కూడ. ఆవిరైపోతుంది కనుక ఆకును పాడుచేయదు. ఆవిరైపోతుంది కనుకనే దాని కాపుదల కొద్దికాలమే. మరల మరల కట్ట విప్పాలి, దుమ్ము తుడవాలి, ఆకు ఆకూ చూడాలి. చివరకు గ్రంథాన్ని రక్షించేది ఆ విప్పే చేయి. తెరవని కట్టలో ఏ సువాసనా మిగలదు.

మన ఇండ్లలో ఏ అటక మీదనో తాతల నాటి కట్ట ఒకటి ఉండవచ్చు. దానికి మనమే నూనె పూయబోవడం మంచిది కాదు. మసి నిలువని ఆకులు, రంగుల బొమ్మలున్న ఆకులు చెడిపోగలవు. కట్టను మెల్లగా దించి, పొడి గుడ్డలో చుట్టి, దగ్గరి ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వారికి చూపితే చాలు. వ్రాయసకాడు ఎన్నడో చేసిన విన్నపాన్ని అప్పుడు మనం ఆలకించిన వారమవుతాము.