రాత్రి మాత్ర: వేసుకోవడం ఎలా మొదలైంది, దించడం ఎవరు నేర్పారు



పోయిన నెల కూటం అయ్యాక ఇద్దరు ముగ్గురు ఒకే సంగతి అడిగారు. "రాత్రి ఆ చిన్న మాత్ర వేసుకుంటేనే నిద్ర, లేకుంటే గుండెదడ. పదేళ్ళయింది. ఇక మానేయవచ్చా?" మేము డాక్టరు కాదు, రైల్వే గుమాస్తాగా రిటైరైనవాళ్ళం. అయినా పాత ఫైలు మొదటి కాగితం నుంచి చదివే అలవాటు పోలేదు. ఈ మాత్ర ఫైలు కూడా అలాగే చదివాము.

ముందు బార్బిట్యురేట్లు అనే నిద్రమందులు ఉండేవి. మోతాదు మించితే ఊపిరే ఆగేది. 1962లో నటి మార్లిన్ మన్రో ప్రాణం తీసినవి అవే. వాటికి బదులు వెతుకుతున్న రోజుల్లో, అమెరికాలో రోష్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు లియో స్టెర్న్‌బాక్ బృందానికి 1957లో ప్రయోగశాల సర్దుతుండగా పక్కన పడేసిన పాత పదార్థం ఒకటి దొరికింది. పరీక్షిస్తే కంగారును అణిచే గుణం కనబడింది. అదే 1960లో లిబ్రియం అయింది. 1963లో దాని తమ్ముడు వేలియం వచ్చింది. 1978 ఒక్క ఏడాదిలో అమెరికాలో 230 కోట్ల వేలియం మాత్రలు అమ్ముడయ్యాయి. మన దేశంలో 1969లో రాన్‌బాక్సీ అదే మందును కాంపోజ్ పేరుతో తెచ్చింది. మన తరంలో ఆ పేరు వినని ఇల్లు తక్కువ. ఇప్పటి అల్‌ప్రాజోలం, క్లోనజెపం, లోరజెపం అన్నీ ఆ కుటుంబమే.

ప్రాణభయం తక్కువ కాబట్టి భయమే లేదనుకున్నారు. కానీ 1961లోనే హాలిస్టర్ అనే అమెరికా వైద్యుడు, లిబ్రియం పెద్ద మోతాదులో నెలల తరబడి వాడిన 11 మందికి హఠాత్తుగా ఆపి చూస్తే, 10 మందికి కొత్త బాధలు వచ్చాయి, ఇద్దరికి మూర్ఛ వచ్చింది. "అది పెద్ద మోతాదు కదా" అని ఊరుకున్నారు. మామూలు మోతాదు వాడేవాళ్ళు "ఆపితే వణుకు, నిద్ర లేదు" అంటే, "నీ పాత జబ్బే తిరిగొచ్చింది" అని మళ్ళీ అదే చీటీ రాశారు. ఇలా ఇరవై ఏళ్ళు గడిచాయి. 1980ల మొదట్లో లండన్‌లో మాల్కం లేడర్ వంటివారు మామూలు మోతాదుకూ శరీరం అలవాటు పడుతుందని చూపించారు. 1988లో బ్రిటన్ మందుల భద్రతా సంఘం ఈ మందు రెండు నుంచి నాలుగు వారాలకు మించరాదని చెప్పింది. అప్పటికే లక్షలమంది ఏళ్ళ తరబడి వాడుతున్నారు. వాళ్ళ గతి?

ఆ ప్రశ్నను నెత్తిన వేసుకున్నది న్యూకాసిల్‌లో హెదర్ ఆష్టన్ అనే డాక్టరమ్మ. 1982 నుంచి 1994 దాకా మందు దించుకోవడానికే ఒక క్లినిక్ నడిపారు. రోగులు చెప్పింది నమ్మి, రాసుకున్నారు. మెదడులో గాబా అనే పదార్థం బ్రేకులాంటిది. ఈ మాత్ర ఆ బ్రేకును గట్టిగా నొక్కుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ మెదడు తన సొంత బ్రేకును సడలిస్తుంది. మాత్ర ఒక్కసారిగా తీసేస్తే బండి అదుపు తప్పుతుంది. అందుకే కొంచెం కొంచెంగా, నెలల తరబడి, రోగి తట్టుకునే వేగంతో దించాలని ఆమె నేర్పారు. 2025లో అమెరికా వైద్య సంఘాల మార్గదర్శి చెప్పిందీ దాదాపు ఇదే: రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి, 5 నుంచి 10 శాతం తగ్గింపుతో మొదలు.

మన వయసుకు ఇది ఇంకా ముఖ్యం. ముసలి శరీరంలో ఈ మందులు చాలావరకు తొందరగా కరగవు. రాత్రి బాత్‌రూముకు లేచి తూలిపడటం, తుంటి ఎముక విరగడం, మతిమరుపు. వీటిని "వయసైంది" అని సరిపెట్టుకుంటాము. వయసైతే మానలేమన్న మాట కూడా నిజం కాదు. 2014లో కెనడాలోని క్యూబెక్‌లో ఏళ్ళుగా వాడుతున్న పెద్దలకు, ఎలా దించాలో వివరించే చిన్న పుస్తకం ఇచ్చారు. ఆరు నెలల్లో 27 శాతం మంది పూర్తిగా మానారు. పుస్తకం అందనివాళ్ళలో 5 శాతమే.

మన దేశంలో 2014 నుంచి ఈ మాత్రల్లో చాలావాటికి హెచ్1 నిబంధన ఉంది. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వకూడదు, షాపువాళ్ళు ప్రత్యేక రిజిస్టరులో రాయాలి. అయినా తెలిసిన షాపు, పాత చీటీ, బాకీ ఖాతా. మనకు తెలియనిది కాదు.

అందుకని మా మనవి రెండే. ఒకటి, ఇది చదివి ఈ రాత్రే మాత్ర పారేయకండి. చెయిన్ లాగి దిగడం కాదిది. రెండు, ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు "ఇంకా వేసుకోవాలా, ఎలా దించాలి?" అని మీరే అడగండి. దించేటప్పుడు బాధ వస్తే దాచకుండా చెప్పండి. అరవై ఏళ్ళ ఈ చరిత్రలో దారి తెరిచింది రోగులు విడవకుండా చెప్పిన ఆ మాటే.

ఇంట్లో ఎవరైనా దించుకుంటుంటే "ఇంత చిన్న మాత్రకు ఇంత గొడవా" అనకండి. పక్కన కూర్చోండి, అది చాలు.